దిగొచ్చిన కర్నూలు

తెలివితక్కువ పనులు రెండు రకాలు. తెలియక చేసేవి, తెలివనుకుని చేసేవి. నార్వే దేశపు రెండో అంచె ఫుట్‌బాల్ విషయంలో నేను ఆ రెండూ ఒకే మధ్యాహ్నం, చేతిలో టీ చల్లారేలోపు చేశాను.

మొదటిది, ఆ పోటీలో తలా ఒక జట్టును ఎంచుకోమంటే, అంతకు ముందు ఏడాది పై అంచెలో ఆడి అక్కణ్ణుంచి గెంటించుకుని కిందికి వచ్చిన జట్టును నేను పట్టుకున్నాను. పైనుంచి వచ్చింది కదా, కిందివాళ్ళ మీద పైచేయిగా ఉంటుందని నా ఊహ. ఏనుగు చచ్చినా వెయ్యే కదా అనుకున్నాను. రెండోది, పందెం నిబంధనలు మాట్లాడుకుంటుంటే నన్నెవరూ అడక్కపోయినా చెయ్యెత్తి ఒక నిబంధన చేర్పించాను. ఆ జట్టు, ఆ నిబంధన కలిసి ఆరు నెలలపాటు నాతో ఆడుకున్నాయి. మైదానంలో ఆడింది తక్కువ.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. మెల్‌బోర్న్‌లో ఒక బీమా కంపెనీ. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి. రెండువేలు రాగానే యంత్రాలు దాన్ని పందొమ్మిది వందలనుకుని ఆగిపోతాయని భయపడి, ఆ అంకెల్ని నాలుగు చెయ్యడానికి మమ్మల్ని ఎనిమిది మందిని కూర్చోబెట్టారు. లోకమంతా ఆ పనికి పెద్ద పేరు పెట్టుకుంది గానీ, చేసేవాళ్ళకు తెలుసు, అది బియ్యంలో రాళ్ళేరడం. రాయి దొరికితే ఆనందం, దొరక్కపోతే అనుమానం.

ఆ ఏరేవాళ్ళలో తెలుగువాళ్ళం ఇద్దరం. నాది కర్నూలు. రెండో ఆయనది హైదరాబాదు పాతబస్తీ. నేనాయన్ని భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను అన్నా అనేవాడు. ఎవరు పెద్దో ఎప్పుడూ తేల్చుకోలేదు. తేలితే ఆ పెద్దాయన పెద్దరికం చెయ్యాల్సి వస్తుందని ఇద్దరికీ భయం. మిగతావాళ్ళలో ఒక నార్వే పెద్దాయన ఉండేవాడు. వయసులో ఉండగా ఓడలో పనిచేస్తూ మెల్‌బోర్న్ రేవులో దిగి, ఇక్కడొక అమ్మాయిని చూసి మళ్ళీ ఓడెక్కడం మరిచిపోయిన మనిషి. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. మా మేనేజరు దగ్గర్లోని బల్లారట్ అనే ఊరి నుంచి వచ్చినావిడ. ఒక మాట రెండుసార్లు చెప్పే అలవాటు లేదు. తక్కిన నలుగురూ ఇక్కడివాళ్ళే.

ఇక్కడి ఆఫీసుల్లో ఒక ఆచారం ఉంది. కోడిగుడ్డు ఆకారపు బంతితో వీళ్ళు ఆడే సొంత ఆట, ఫుటీ, మొదలవగానే గోడమీద ఒక చార్టు వెలుస్తుంది. ప్రతి వారం ఎవరు గెలుస్తారో ముందే ఊహించి అందులో రాయాలి. దీన్ని టిప్పింగ్ అంటారు. దీనికి దూరంగా ఉండేవాణ్ణి మర్యాదగా చూస్తారు గానీ మనిషిగా చూడరు. వచ్చిన మొదటి ఏడాది నేనూ భాయ్ పాల్గొని, ఆఖరి స్థానం కోసం హోరాహోరీగా పోరాడాం. భాయ్ చొక్కాల రంగు చూసి రాసేవాడు. నేను జట్లకున్న జంతువుల పేర్లు చూసి రాసేవాణ్ణి. పులిమీద కాకి గెలవదని నా నమ్మకం. గెలిచింది.

ఆ ఏడు మళ్ళీ చార్టు అంటిస్తుంటే నార్వే పెద్దాయన అడ్డుపడ్డాడు. పుట్టినప్పటి నుంచి ఈ ఆట చూసినవాళ్ళు నిన్నగాక మొన్న విమానం దిగినవాళ్ళతో పందెం కాయడమేం న్యాయమన్నాడు. అందరికీ సమానంగా తెలియని ఆట ఒకటి తన దగ్గర ఉందన్నాడు. అదే నార్వే రెండో అంచె ఫుట్‌బాల్. పై అంచె వద్దు, అందులో పేరున్న జట్లుంటాయి, ఎవరైనా ఎక్కడో విని ఉంటారు. రెండో అంచె గురించి నార్వేలోనే చాలామందికి తెలియదట. సమాన అజ్ఞానం అనే ఈ సిద్ధాంతం అందరికీ నచ్చింది.

పద్నాలుగు జట్లు. చలికాలం నడుము లోతు మంచు పడుతుంది కాబట్టి ఏప్రిల్లో మొదలై అక్టోబరులో ముగుస్తుంది. పైన నిలిచిన ఇద్దరు పై అంచెకు ఎక్కుతారు. అడుగున ఉన్న నలుగురు మూడో అంచెకు దిగుతారు. ఈ దిగడం అనే మాట దగ్గర ఆస్ట్రేలియా మిత్రులు ఆగిపోయారు. వీళ్ళ ఫుటీలో అడుగున ఉన్న జట్టుకు మరుసటేడు మంచి కుర్రాళ్ళను అందరికంటే ముందు ఎంచుకునే హక్కు ఇస్తారు. ఓడినవాడి వీపు నిమరడం వీళ్ళ పద్ధతి. నార్వేవాళ్ళ పద్ధతి ఓడినవాణ్ణి మెట్లమీంచి దొర్లించడం. మా భాయ్‌కి మాత్రం వెంటనే అర్థమైంది. "ఇందులో ఏముంది, మా స్కూల్లో సెక్షన్లు గిట్లనే మార్చేటోళ్ళు" అన్నాడు.

ఆ ఊర్ల పేర్లు ఒక్కటీ మాకు నోరు తిరగలేదు. ఆస్ట్రేలియావాళ్ళకూ తిరగలేదు. అప్పుడు భాయ్ ఒక ఉపాయం చెప్పాడు. పెద్దాయన ఒక్కో ఊరి గురించి రెండు మాటలు చెప్పాలి, మేమిద్దరం దానికి సరిపోయే మన ఊరి పేరు పెట్టాలి. చేపల రేవు ఉన్న ఊరు కాకినాడ అయింది. ఉక్కు ఫ్యాక్టరీ ఉన్నది విశాఖ. కాగితం మిల్లు ఉన్నది కాగజ్‌నగర్. కొండమీది చలి ఊరు అరకు. పాత కోట ఉన్న ఊరు చెప్పగానే భాయ్ బల్ల గుద్ది గోల్కొండ అని, ఆ జట్టు తనదేనన్నాడు. ఇక పై అంచె నుంచి దిగొచ్చిన జట్టు వంతు వచ్చింది. ఒకప్పుడు వైభోగంగా బతికి హోదా పోగొట్టుకున్న ఊరట. నాకింకేం గుర్తొస్తుంది. మూడేళ్ళు రాజధానిగా వెలిగి, తర్వాత ఆ ముచ్చట తీరిపోయిన ఊళ్ళో పుట్టినవాణ్ణి. కర్నూలు అన్నాను, నాదే అన్నాను. పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారని కూడా అన్నాను. నార్వే పెద్దాయన ఆ పేర్లన్నీ ఇంగ్లీషులో శ్రద్ధగా రాసుకున్నాడు. వారం తిరిగేసరికి బల్లారట్ మేనేజరుతో సహా ఆఫీసంతా కాకినాడ, కాగజ్‌నగర్ అంటూ తిరగసాగింది.

మేం జట్లు పంచుకున్న ఆ మధ్యాహ్నమే మేనేజరు టీ గదిలోకి వచ్చింది, ఒక చిక్కుతో. డిసెంబరు ఆఖరి రోజున, అంకెలు మారే ఆ రాత్రంతా, ఆఫీసులో మా జట్టు నుంచి మనుషులు కూర్చోవాలి. ఎవరు కూర్చుంటారు? అందరం టీ కప్పుల్లోకి చూసుకున్నాం. లోకమంతా పండగ చేసుకునే రాత్రి మెషీన్లకు కాపలా కాయడానికి ఎవరికి మనసొప్పుతుంది. పెద్దాయనే అన్నాడు, ఈ పోటీయే తేల్చనివ్వండి, ఎవరి జట్టు మూడో అంచెకు దిగితే వాళ్ళు ఆ రాత్రి కూర్చుంటారు అని. అందరూ సరేనన్నారు.

ఇక్కడే నేను చెయ్యెత్తాను. మా భాయ్ సంగతి నాకు తెలుసు. శనివారం షిఫ్టు పడితే శుక్రవారానికి ఆయనకొక బంధువుల పెళ్ళి తగులుతుంది. ఆ ఏడాది ఆయన పినతల్లి కూతురొకతెకు రెండుసార్లు పెళ్ళయింది, ఒకే వరుడితో. అందుకని, జట్టు దిగినవాడు పెళ్ళని గానీ, చుట్టాలని గానీ, కడుపునొప్పని గానీ చెప్పి తప్పించుకోకూడదు, ఒకరి బదులు ఒకరు కూర్చోకూడదు, అన్న నిబంధన పెట్టాలన్నాను. మరీ కఠినం కాదా అంది మేనేజరు. కాదని వాదించాను. వాదనలో గెలిచాను. ఆ ఏడాది చాలాకాలం పాటు నేను గెలిచింది అదొక్కటే.

మే నెలలో మా ఆవిడ డాక్టరు దగ్గర్నుంచి వచ్చి ఒక మాట చెప్పింది. అప్పటికి మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న మాట. మధ్యలో ఒకసారి ఆశపడి, ఆశ పోగొట్టుకున్నాం కూడా. ఇద్దరం ఫుట్‌స్క్రే పేటలోని మా చిన్న ఫ్లాట్‌లో స్టవ్ మీద పప్పు మాడుతున్న సంగతి మరిచిపోయి చాలాసేపు కూర్చున్నాం. ఎప్పటికి అని అడిగాను. కొత్త సంవత్సరానికి అటూ ఇటూగా అంది. నా మొహంలో రంగు మారడం ఆమె చూసింది. సంతోషంతో అనుకుంది. విషయం చెప్పాక ఆమె మొహంలోనూ మారింది.

వాళ్ళమ్మ రావడానికి వీసా దొరకలేదు. ఇక్కడ మాకు ఎవరూ లేరు, ఆ సమయానికి ఉండాల్సింది నేనొక్కణ్ణే. "రేపు పోయి ఆ మేనేజరమ్మకు చెప్పేయండి" అంది. సరేనన్నాను. మరుసటి రోజు మేనేజరు గది దాకా వెళ్ళి, లోపలికి కూడా వెళ్ళి, ప్రింటరు సరిగా పనిచెయ్యడం లేదని చెప్పి వచ్చాను. మా కాంట్రాక్టులు జనవరి దాకానే. అంకెలు మారిపోయాక మాలో ఎవరుంటారో ఎవరు పోతారో తేల్చేది ఆవిడే. అలాంటి ఏడాది, అందరి ముందూ నేనే పట్టుబట్టి పెట్టించిన నిబంధనను నాకు వద్దని అడగడమంటే, నన్ను కిందికి దించండి అని దరఖాస్తు పెట్టుకోవడమే అనిపించింది. పైగా నా కర్నూలు మీద నమ్మకం. పైనుంచి దిగొచ్చింది కదా.

నిజానికి కర్నూలు ఏప్రిల్లోనే మొదటి ఆట ఓడింది. రెండోది మంచువల్ల వాయిదా పడింది. ఆ వాయిదానే నేను శుభశకునంగా తీసుకున్నాను. ఆ తర్వాత వరసగా ఓడింది. నా ఏనుగు చావనూ లేదు, బతకనూ లేదు, వెయ్యీ లేదు. మా ఆవిడ ఒకే సామెతతో తేల్చేసింది. "చెడి బతకొచ్చు గానీ బతికి చెడకూడదండీ. మీరు చూసి చూసి బతికి చెడినదాన్నే తెచ్చుకున్నారు."

అక్కడ ఆదివారం సాయంత్రం ఆడితే మాకు సోమవారం పొద్దున తెలిసేది. ఆఫీసులో ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు ఒక్కటే ఉండేది. పెద్దాయన దాని ముందు కూర్చుని ఫలితాలు చదివేవాడు. కర్నూలు ఓడిన ప్రతి సోమవారం భాయ్ పరామర్శకు వచ్చేవాడు. చావింటికి వచ్చినట్టు నెమ్మదిగా వచ్చి, కుర్చీ లాక్కుని, నా భుజం మీద చెయ్యేసి కూర్చునేవాడు. తర్వాత గొంతు తగ్గించి, "పోయేముందు ఏమన్న మాట్లాడిందా అన్నా" అని అడిగేవాడు. నాలుగో పరామర్శకు ఆస్ట్రేలియా మిత్రులు కూడా ఆయన వెనక వరసగా నిలబడి తలలు వంచడం నేర్చుకున్నారు. ఆయన గోల్కొండ అప్పటికి పట్టికలో మధ్యన, కోటలో నవాబులా కాలు మీద కాలేసుకుని ఉంది.

మా ఇంటి సంగతి ఆయనకు తెలుసు. మా ఆవిడా ఆయన భార్యా ప్రతి శనివారం ఫుట్‌స్క్రే మార్కెట్టుకు కలిసే పోతారు, తెలియకపోవడమనేది జరగదు. ఆఫీసులో మాత్రం ఎవరికీ చెప్పొద్దని భాయ్ చేత ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు నిలబెట్టుకున్నాడు. వెక్కిరింతకు సంబంధించి ఒట్టేమీ లేదు కాబట్టి అది ఆపలేదు.

ఆగస్టులో ఏదో మారింది. కర్నూలు వాళ్ళు పాత కోచ్‌ని పంపించేశారని, గాయపడ్డ పెద్ద ఆటగాళ్ళ బదులు ఆ ఊరి కుర్రాళ్ళనే దింపుతున్నారని పెద్దాయన చెప్పాడు. ఆ కుర్రాళ్ళకు తాము పై అంచె నుంచి పడ్డామన్న బాధ లేదట. వాళ్ళెప్పుడూ పైన ఉండలేదు కదా. ఆ మాట నాకు బాగా పట్టింది. హైదరాబాదులో పదిమంది మీద టీమ్ లీడరుగా ఉండి, ఇక్కడికొచ్చి మళ్ళీ మొదటి మెట్టు మీద కూర్చున్నానని నాలో నేను గొణుక్కుంటున్న రోజులవి. కర్నూలు ఒక ఆట గెలిచింది. తర్వాత ఒకటి సమం చేసింది. కాగజ్‌నగర్‌ను వాళ్ళ ఊళ్ళోనే ఓడించింది.

ఇంట్లో సోమవారం సాయంత్రాలు మారిపోయాయి. తలుపు తీస్తూనే మా ఆవిడ, ఎంత, అని అడిగేది. ఫలితం చెప్పేవాణ్ణి. గెలిస్తే పొట్ట మీద చెయ్యి వేసుకుని, లోపల కూడా ఒకరు బంతి తంతున్నారని చెప్పేది. మా ఇద్దరిలో ఎవరికీ పైకి అనే ధైర్యం లేదు గానీ, లోపలి ఆట సజావుగా సాగుతుండటమే మాకు అసలు పోటీ. కర్నూలు గెలిచిన వారం ఆమె కాస్త ఎక్కువ తినేది. నేను నార్వేకు రుణపడి ఉన్నాను.

సెప్టెంబరు పోయి అక్టోబరు వచ్చేసరికి విచిత్రం జరిగింది. కర్నూలు పైకి పాకుతుంటే, నవాబుగారి గోల్కొండ మెట్టుమెట్టుగా దిగడం మొదలుపెట్టింది. ఆఖరి వారానికి అడుగున మూడు జట్లు ఎవరో తేలిపోయింది. అందులో ఒకటి మా ఆస్ట్రేలియా మిత్రుడొకడి అరకు, మిగతా రెండూ మాలో ఎవరూ ఎంచుకోనివి. ఆయన ఆ రాత్రి కాపలాకు పేకముక్కలు తెచ్చుకుంటానని అప్పుడే ప్రకటించాడు. నాలుగో స్థానం ఒక్కటే మిగిలింది. అది కర్నూలుదో, గోల్కొండదో. ఆఖరి ఆట ఆ రెండింటి మధ్యే. సమానంగా ముగిస్తే గోల్కొండ బతుకుతుంది. కర్నూలు బతకాలంటే గెలిచి తీరాలి.

ఆ శుక్రవారం భాయ్ నన్నేమీ అనలేదు. పరామర్శ లేదు, పలకరింపు లేదు. మధ్యాహ్నం నన్ను కిందికి, యారా నది ఒడ్డున మేం శాండ్‌విచ్ తినే బెంచీ దగ్గరికి తీసుకుపోయాడు. ముందురోజు వాళ్ళింట్లో అన్నం దగ్గర పెద్ద పేచీ అయిందట. ఆఖరి ఆట సంగతి ఈయన హుషారుగా చెప్పుకొస్తుంటే, భార్య గరిటె కింద పెట్టి, నీ ఆట గెలిస్తే ఆ పిల్ల ఆసుపత్రికి ఎవరితో పోవాలని అడిగిందట.

"అన్నా, ఈ ఒక్కసారికి నీ కర్నూలే గెలవాలె" అన్నాడు. "నేను దువా గూడ చేసిన."

"గెలిస్తే నువ్వు కూర్చోవాలి కదా భాయ్."

"కూసుంట. కానీ ఆఫీసుల ఎవ్వనికీ చెప్పకు. గోల్కొండ నవాబు కర్నూలు కోసం దువా చేసిండంటే ఇజ్జత్ పోతది."

నేను నా శాండ్‌విచ్‌లో సగం తుంచి ఆయన చేతిలో పెట్టాను.

సోమవారం ఎప్పటికంటే ముందు రైలెక్కాను. నేను వెళ్ళేసరికి పెద్దాయన కంప్యూటరు ముందే ఉన్నాడు, భాయ్ ఆయన వెనక నిలబడి ఉన్నాడు. ఆ రోజుల్లో ఇంటర్నెట్ పేజీ ఒకేసారి రాదు, కోడలు కొత్తింట్లోకి వచ్చినట్టు అంచెలంచెలుగా వస్తుంది. పట్టిక పైనుంచి దిగుతోంది. ముందు పై అంచెకు ఎక్కినవాళ్ళు వచ్చారు. తర్వాత కాకినాడ. తర్వాత విశాఖ. ఒక్కో గీతా పడుతుంటే పెద్దాయన పేరు చదువుతున్నాడు. పైన ఉన్నవాళ్ళను ఇంత తీరిగ్గా చూపించే దేవుడు కిందివాళ్ళ సంగతి వచ్చేసరికి ఎందుకు ఆగుతాడో నాకు అర్థం కాలేదు. పేజీ సగంలో నిలిచిపోయింది. భాయ్ కంప్యూటరు వీపు మీద మెల్లిగా తట్టాడు, దగ్గొచ్చిన పిల్లాణ్ణి తట్టినట్టు.

అప్పుడు ఇంకో గీత దిగింది. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, కర్నూల్, అన్నాడు. దాని కింద, నిలిచినవాళ్ళనూ దిగినవాళ్ళనూ విడదీసే ఎర్రగీత. ఎర్రగీత కింద గోల్కొండ. రెండు ఒకటి, ఆట ముగియడానికి కాసేపటి ముందు ఆ ఊరి కుర్రాడొకడు తలతో కొట్టిన గోలుతో.

నేను గంతులెయ్యలేదు. కుర్చీలో కూర్చుండిపోయాను. భాయ్ నెమ్మదిగా ఇంకో కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, ఈసారి తన భుజం తనే తట్టుకున్నాడు. ఆస్ట్రేలియా మిత్రులు అలవాటుగా వచ్చి వరసలో నిలబడి తలలు వంచారు, ఆయన ముందు.

అంతలో మేనేజరు వచ్చింది. నాలో ఆరు నెలలుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా మాటై బయటికొచ్చింది. మా ఆవిడ సంగతి, తేదీ సంగతి, నా భయం సంగతి, అన్నీ చెప్పేశాను. ఆవిడ చివరిదాకా విని, నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"మేలో వచ్చి చెప్పి ఉంటే అదే రోజు నీ పేరు తీసేసేదాన్ని కదయ్యా. ఏ మేనేజరైనా తీసేస్తుంది" అంది. కాస్త ఆగి, "ప్రింటరు బాగానే ఉందని నేనప్పుడే చూశాను" అని కూడా అంది.

ఆరు నెలలు నార్వే కుర్రాళ్ళ కాళ్ళ మీద నా సంసారాన్ని మోయించాను, ఒక్క మాట నోటితో అనలేక. భాయ్ ఇదంతా విని, అయితే మరి నా పేరు కూడా, అని మొదలుపెట్టాడు. తనకు ఆ రోజు బంధువుల పెళ్ళి ఉందన్నాడు. ఆవిడ నిబంధన గుర్తుచేసి వెళ్ళిపోయింది.

డిసెంబరు ఆఖరి రోజు భోజనాలవేళ మా ఆవిడకు నొప్పులు మొదలయ్యాయి. అవి ఏ నిబంధనకూ లొంగే రకం కాదు. నేను పక్కనే ఉన్నాను. ఆ తర్వాత జరిగిందంతా ఆమె చెప్పాల్సిన కథ, నాది కాదు. నేను చేసిందల్లా చెయ్యి పట్టుకుని ఉండటం, ఆ చెయ్యి నలుగుతున్నా అనకుండా ఉండటం. కొత్త సంవత్సరపు ఎండ కిటికీలోంచి మంచం మీద పడే వేళకు మాకు కూతురు పుట్టింది. లోకంలో ఏ యంత్రమూ ఆగలేదు, ఏ అంకే చెడలేదు. భాయ్ ఆఫీసు నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు, గడ్డం మాసి, కళ్ళెర్రబడి, అరకు మిత్రుడి దగ్గర రాత్రంతా పేకాటలో ఓడిన మొహంతో. పిల్లను ఎత్తుకుని, చెవి దగ్గర ఏదో మెల్లగా చెప్పాడు. మంచి మాటే అయ్యుంటుంది, నిద్రలో నవ్వింది.

కథ అక్కడితో ఆగితే ఆయన దేవుడు. కానీ భాయ్ ఆగే మనిషి కాదు. మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్ళు ఏ ఇంట్లో భోజనానికి కలిసినా ఆయన త్యాగం వడ్డించడం మొదలుపెట్టాడు. ఒక ఇంట్లో తను కావాలని జట్టును ఓడించుకున్నాడు. ఇంకో ఇంట్లో నార్వేకు ఫోన్ చేసి మరీ ఓడించుకున్నాడు. డాండినాంగ్‌లో ఎవరింట్లోనో చెప్పిన కథలో నేను నది ఒడ్డున ఆయన కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. నేను పక్కనే పెరుగన్నం తింటూ విన్నాను. కాదనడానికి వీల్లేదు. పిల్ల ఆయన ఒళ్ళోనే నిద్రపోతోంది.

జనవరి చివర మా ఇద్దరి కాంట్రాక్టులూ పొడిగించారు. జూలైలో దేశమంతా కొత్త పన్ను వస్తోంది, దానికోసం మళ్ళీ ప్రోగ్రాములన్నీ మార్చాలి. పైకీ పోలేదు, కిందికీ పోలేదు, ఉన్న అంచెలో నిలిచాం. ఆ రోజుల్లో అదే పెద్ద గెలుపు.

అదే సమయానికి భాయ్ వాళ్ళ మామగారు నిజామాబాద్ నుంచి వచ్చారు, రెండు నెలలుండటానికి. ఎక్సైజు శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అల్లుడు కారు నడపడం మీద, గడ్డం గీసుకునే తీరు మీద, బియ్యం కడిగే పద్ధతి మీద ఆయనకు స్పష్టమైన అభిప్రాయాలుండేవి. ప్రతి అభిప్రాయం, మా నిజామాబాద్‌లో అయితే, అని మొదలయ్యేదట. ఆ రెండు నెలలూ భాయ్ ఆఫీసుకు అందరికంటే ముందొచ్చి అందరికంటే ఆలస్యంగా పోయేవాడు. మామగారు విమానమెక్కిన రోజు మా అందరికీ జిలేబీలు పంచి, ఇక ఆ ఊరి పేరు ఆరు నెలలదాకా తన చెవిన పడకూడదని ప్రకటించాడు.

ఏప్రిల్ వచ్చింది. పెద్దాయన కొత్త చార్టు అంటించాడు. కిందికి దిగిన జట్లు పోయాయి. వాటి బదులు మూడో అంచె నుంచి ఎక్కొచ్చిన జట్లకు పేర్లు పెట్టాలి. ఆ రోజు భాయ్ మేనేజరు గదిలో ఏదో పనిలో ఉన్నాడు, పేరు పెట్టే భారం నా ఒక్కడి మీదే పడింది. ఒక జట్టు గురించి పెద్దాయన నవ్వుతూ చెప్పాడు. ఆ ఊరివాళ్ళు మంచివాళ్ళే గానీ, ఏ పని ఎలా చెయ్యాలో లోకమంతటికీ తామే చెప్పాలనుకుంటారట. నేనొక్క క్షణం కూడా ఆలోచించలేదు. నిజామాబాద్ అన్నాను. పెద్దాయన అక్షరం తప్పకుండా రాశాడు.

కిందటేడు జట్టు దిగినవాళ్ళు ఆఖరున ఎంచుకోవాలన్నది కొత్తగా ఒప్పుకున్న పద్ధతి. ఈసారి అది నేను చెప్పింది కాదు, అరకు మిత్రుడే చెప్పాడు, తనకు ఎంపికలో ఓపిక లేదని. నేను నా కర్నూలునే ఉంచుకున్నాను. ఒక్కొక్కరూ ఏరుకున్నారు. ఏ జట్టు గురించి అడిగినా నేను నిజామాబాద్ ఒట్టి దండగ, నిలవదు అని మిగతావాళ్ళ చెవుల్లో ఊదుతూ వచ్చాను. ఎవరికీ కొత్త జట్ల మీద నమ్మకం లేదు, అరకు మిత్రుడు కూడా నా మాట విని ఇంకోదాని మీద చెయ్యేశాడు. భాయ్ గదిలోంచి వచ్చేసరికి పోటీలో మిగిలినవాటిలో గట్టిగా కనిపించేది, కిందటేడు మూడో అంచెను ఊడ్చేసి ఎక్కొచ్చినది, ఒక్కటే ఉంది, నిజామాబాద్. పెద్దాయన దాన్నే తీసుకొమ్మన్నాడు. భాయ్ చార్టు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ చార్టు చూశాడు.

"ఇది నీ పనే కదన్నా" అన్నాడు. నేను టీ కలుపుకుంటున్నాను.

ఆ ఏడాదంతా ప్రతి ఆదివారం మా భాయ్ నిజామాబాద్ బాగుండాలని దువా చేశాడు. నిజామాబాద్ దివ్యంగా ఆడింది. వాళ్ళావిడ మురిసిపోయి ప్రతి వారం వాళ్ళ నాన్నకు ఫోన్లో చెప్పేది, ఆయన ఆట ఎలా ఆడించాలో అల్లుడికి సలహాలు పంపేవాడు, అవి ఆవిడ అప్పటికప్పుడు ఆఫీసుకు ఫోన్ చేసి అప్పజెప్పేది. భాయ్ ఒక ఉపాయం ఆలోచించాడు, ఫలితాన్ని ఇంట్లో సాయంత్రం దాకా దాచిపెట్టి, కనీసం పగలంతా ప్రశాంతంగా ఉండాలని. సోమవారం పొద్దున పెద్దాయన ఫలితం చదవగానే నేను నా డెస్కు దగ్గరికి వెళ్ళి, వాళ్ళింటికి ఫోన్ చేసి, "చెల్లెమ్మా, మీ నిజామాబాద్ నాలుగు సున్నా" అని చెప్పి పెట్టేసేవాణ్ణి.